బావిమెట్టు మీద తాబేలు

పెరటి తలుపుకు లోపలివైపు గడియ పడిన చప్పుడు విని సులోచన చేతిలో విస్తరి పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. పెద్ద చప్పుడేమీ కాదు. ఎప్పటికప్పుడు నూనె పోసే గడియ అది. జారుకుంటూ వచ్చి గూట్లో కూర్చునేటప్పుడు ఒక్క చిన్న టక్కుమంటుంది, అంతే. ఇంటిగుట్టు పెరుమాళ్లకెరుక అంటారు. ఆదోనిలో పత్తి వ్యాపారం పాండురంగయ్య ఇంటిగుట్టు మాత్రం ఈ గడియకే ఎరుక.

ఆ పూట నేరం పప్పులో ఉప్పు. అత్త గోవిందమ్మ కోడలి మీద చెయ్యెత్తే మనిషి కాదు. ఆ మాట ఆమె వీధంతా చెప్పుకుంటుంది కూడా, "నా కోడండ్లను ఈ చేత్తో ఒక్క దెబ్బ కొట్టింది లేదమ్మా" అని. నిజమే, కొట్టదు. అన్నం విస్తట్లో పెట్టి చేతికిచ్చి, "బయట కూచోని తిను పో, బుద్ధొచ్చినాక వద్దువు" అని తలుపు వేసేస్తుంది. బుద్ధి రావడానికి దీపాలు పెట్టే వేళవుతుంది. ఉప్పు ఎక్కువైనా అంతే, తక్కువైనా అంతే. పెళ్లయి రెండోయేడు పడుతున్నా కడుపు పండలేదని అత్తకు గుర్తొచ్చిన రోజయితే ఉప్పు సరిగ్గా ఉన్నా అంతే.

భాద్రపదపు ఎండ పుండు మీద కారం. పెరటికి రెండువైపులా పత్తి గోదాముల గోడలు, మూడోవైపు ప్రహరీ. నడినెత్తిన పొద్దున్నప్పుడు ఏ గోడకూ జానెడు నీడ లేదు. సులోచన అలవాటు ప్రకారం విస్తట్లో మొదటి ముద్ద విడిగా ఒక ఆకులోకి తీసి ప్రహరీ మీద పెట్టి, కాకి కోసం చూసింది. అది ఆమె ముద్ద కాదు, రాజేశ్వరిది. సులోచన మెడలో మంగళసూత్రాల పక్కన వేలాడే చిన్న బంగారు బిళ్ళ కూడా రాజేశ్వరిదే. మొదటి భార్య పోయిన ఇంటికి రెండోదానిగా వచ్చినవాళ్లకు ఆ సవతి బిళ్ళ కట్టనిదే తాళి కట్టరు. చీర కట్టినా, పూలు పెట్టుకున్నా, నోట్లో మెతుకు పెట్టుకున్నా మొదటి వంతు ఆమెది, మిగిలింది తనది. చచ్చినవాళ్లకున్న మర్యాద బతికినవాళ్లకు లేదని సులోచనకు కోపం రావలసింది. కోపం రాలేదు, భయం వేసేది. రాత్రి ఒత్తిగిలితే బిళ్ళ గొంతు మీదికి జారి చల్లగా తగిలేది.

కాకి రాలేదు. దానికి మాత్రం ఆ ఎండలో ఏం పని? అరికాళ్లు కాలిపోతుంటే సులోచన బావి వైపు చూసింది. అది పాతకాలపు దిగుడుబావి. ఒకవైపు గట్టు కట్టి, గిలక పెట్టి నీళ్లు తోడుతారు. ఇంకోవైపు రాతిమెట్లు గోడలో పడి లోపలికి దిగిపోతాయి. ఆ మెట్ల మీదికి ఎవరూ పోకుండా రేగుకంప కొట్టి ఉంది. లోపల మాత్రం నీడ నల్లగా, తడిగా కనబడుతోంది. ముద్ద ఆకును ఒక చేత్తో, విస్తరిని ఇంకో చేత్తో పట్టుకుని, కాలితో కంప పక్కకు తోసి ఆమె దిగింది.

నీళ్లకు కాస్త పైన ఒక మెట్టు మిగతా వాటికన్నా వెడల్పు. అక్కడ కూర్చుంటే వీపుకు గోడ చల్లగా తగిలింది. ఎంతో కాలంగా ఎవరో కూర్చుని నునుపు చేసినట్టుంది ఆ చోటు. చెయ్యి పక్కన ఆనించింది. వేళ్ల కింద గుంటలు తగిలాయి. వంగి చూస్తే వామనగుంటలు. ఒక వరసకు ఏడు, ఎదురుగా ఏడు, రాతిలో తొలిచి ఉన్నాయి. పక్కనే గోడ సందులో చింతగింజలు బూజు పట్టి ఉన్నాయి. ఇద్దరు కూర్చుని ఆడే ఆట. ఆ మెట్టు మీద ఇద్దరికి చోటు లేదు.

సులోచన లేచి పోదామనుకుంది కానీ పైన ఎండ. అప్పుడే నీళ్ల మీద చింతగింజంత నల్లటి ముక్కు తేలింది. ఇంకెవరైనా అయితే దాన్ని పుల్ల అనుకునేవాళ్లు. సులోచన అనుకోలేదు. ఎమ్మిగనూరులో చిన్నప్పుడు నాయనతో బండిలో ఊళ్లకు పోతుంటే తంగేడు పొదల కింద చుక్కల తాబేళ్లను మొదట కనిపెట్టేది తనే. "మా పిల్లకు తాబేళ్ల కన్నుండాది, మట్టికి రాయికి తేడా బాగా తెలుస్తాది" అని నాయన మురిసిపోయేవాడు.

ముక్కు వెనక మెడ వచ్చింది. మెడ వెనక పచ్చటి డొప్ప, దాని మీద పసుపు చుక్కలు. తాబేలు తిన్నగా ఆమె కూర్చున్న మెట్టు దగ్గరికే ఈదుకుంటూ వచ్చి, నీళ్లలోని మెట్టు మీద ముందుకాళ్లు ఆనించి, మెడ పొడుగ్గా సాచి నోరు తెరిచింది. పిలిచినట్టు, ఆలస్యమైందేమని అడిగినట్టు. దాని డొప్ప వెనక అంచున ఒక ముక్క ఎగిరిపోయి ఉంది. సులోచన చెయ్యి విస్తరి దగ్గరికి పోలేదు, తనంతట తానే సవతి ముద్ద దగ్గరికి పోయింది. తాబేలు ఆ ముద్దను ఆమె వేళ్ల నుంచి మెల్లగా, వేలు తగలకుండా తిన్నది. ఇంత మర్యాదగా ఎవరు నేర్పారో దానికి.

అది తిని మునిగిపోయాక కూడా ఆమె నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. మెట్లు నీళ్లలో కూడా ఒకదాని కింద ఒకటి ఆకుపచ్చగా కనిపిస్తూ దిగిపోతున్నాయి. కాలుతున్న పాదాలు ఒక మెట్టు కిందికి పెట్టింది. ఎంత హాయి! ఇంకో మెట్టు దిగితే మోకాళ్లదాకా. ఇంకొకటి దిగితే... అంతవరకు వచ్చేసరికి తన మనసును చూసి తనకే దడ పుట్టి, పాదాలు లాగేసుకుంది.

గడియ తీసే వేళకు గోవిందమ్మ దీపంలో నూనె పోస్తూ ఉంది. సులోచన లోపలికి వచ్చి, దాచిపెట్టడం చేతకాక, "అత్తా, మన బావిలో తాబేలుండాది" అంది.

"ఏం తాబేలే?"

"పెద్దది. ఎనక పక్క డొప్ప ఇరిగిండాది రవ్వంత."

నూనె ప్రమిద నిండి, పొర్లి, గూటి మీదుగా గోడ వెంబడి కారింది. గోవిందమ్మ చూసుకోలేదు. ఆమె ముఖంలో భయం చూడటం సులోచనకు అదే మొదలు.

"ఆ తాబేలు బావిలో లేదు. రాజేశ్వరి పోయిన నెలలోనే బండి తోలే మారెప్పతో పట్టించి తుంగభద్రలో ఇడిపించినా. యాడ చూస్తివి నువ్వు?"

"మెట్ల మీదనే."

"మెట్లు దిగినావా!"

గోవిందమ్మ కొంగుతో నూనె తుడవడం మొదలుపెట్టి, తుడుస్తూనే కొడుకును కేకేసింది. పాండురంగయ్య పంచెకు అంటుకున్న దూది ఏరుకుంటూ నడవలోంచి వచ్చాడు. మంచివాడని పేరు. మంచితనం అంటే ఆ ఇంట్లో అర్థం ఎవరి మాటకూ అడ్డు చెప్పకపోవడం. మధ్యాహ్నం పూట ఆయన నిద్రపోయే గది పెరటి తలుపు పక్కదే.

"ఇంట్లో తాబేలు సొచ్చినా, కోర్టు అమీనా సొచ్చినా ఒకటేనంటారు. ఇది తాబేలు కూడా కాదు నాయనా. పోయినది మళ్లీ వచ్చిండాది. దీనికి గాలి తగిలిండాది. బేస్తవారం మంత్రాలయం పిలుచుకోని పోదాం. అవిధవా నవమి అయినంక ఆ మెట్లు రాళ్లేసి పూడ్పిచ్చేస్తా" అంది గోవిందమ్మ.

పాండురంగయ్య సులోచన వైపు చూడబోయి, దూది వైపు చూసుకుని, "అట్లనే కానీ" అన్నాడు.

రాజేశ్వరి ఎట్లా పోయిందో సులోచన పెళ్లినాటి నుంచీ వింటూనే ఉంది. ఆ పిల్లకు తాబేలు పిచ్చి. కాపురానికి వస్తూ బెళగల్లు నుంచి, తల్లి పట్టించి ఇచ్చిన తాబేలుపిల్లను బుట్టలో పెట్టుకుని వచ్చి బావిలో వదిలింది. దానికి మెతుకులు వెయ్యడానికి గట్టు మీది నుంచి వంగేది. వినాయకచవితి వెళ్లిన వారానికి అట్లా వంగే తలకిందులుగా బావిలో పడిపోయింది. ఊరంతా ఈ మాటే. అయ్యో, చిన్నతనం అంటారు. అందుకే ఆ రాత్రి సులోచన బిళ్ళను గుప్పిట్లో పట్టుకుని, "నువ్వేనా అక్కా వచ్చింది?" అని అడిగింది. బిళ్ళ ఎప్పట్లాగే చల్లగా ఉంది.

బేస్తవారం పొద్దున్నే బస్సెక్కారు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పటి నుంచీ బస్సు వెనక బొగ్గుల పీపా కట్టి నడుపుతున్నారు. అది కాస్త దూరం పోవడం, ఆగి దగ్గడం, దిగి పీపాలో బొగ్గు కుమ్మడం. ఎమ్మిగనూరు వచ్చినప్పుడు మగ్గాల చప్పుడు కిటికీలోంచి చెవిన పడింది. ఆ చప్పుడు వెనక సందులోనే సులోచన పుట్టిల్లు. నాయన పోయాక అది అన్నావదినల ఇల్లు.

"అత్తా, ఒక్క గడియ దిగి..." అంది.

"గాలి తగిలిన మనిషి గడప తొక్కితే వాండ్లకు మంచిదా?" అంది గోవిందమ్మ. బస్సు కదిలింది. సులోచన మెడ తిప్పి సందు కనబడినంతసేపూ చూసింది.

మాధవరం దగ్గర బండి మళ్లీ మొరాయించింది. అందరూ దిగారు. వారం కింద పడిన వానకు దారి పక్కన పచ్చిక లేచి ఉంది. తంగేడు మొదట్లో ఒక రాయి మెడ చాచి పచ్చిక కొరకడం సులోచన కంటబడింది. చుక్కల తాబేలు. డొప్ప మీద గీతలు, పసుపుతో వేసిన ముగ్గులాగా. నాయన పక్కన ఉంటే కేక పెట్టేదే. ఇప్పుడు నోరు మెదిపితే దయ్యం లెక్కలోకి పోతుందని పళ్లు బిగబట్టింది. కానీ సామాను మోసుకుని వెంట వచ్చిన మారెప్ప ఆమె చూపు వెంబడి చూసి, తాబేలును చూసి, మళ్లీ ఆమెను చూసి, గబుక్కున ముఖం తిప్పేసుకున్నాడు. ఆ తిప్పుకోవడం ఆమెకు బాగా అనిపించలేదు.

ఏట్లో స్నానం, తడిబట్టలతో ప్రదక్షిణలు, తీర్థం. అన్నీ అయ్యాక గోవిందమ్మ ఎవరో తెలిసినవాళ్లు కనబడితే మాటల్లో పడింది. సులోచన ఒడ్డున కూర్చుని తల ఆరబెట్టుకుంటోంది. నడి ఏట్లో బండల మీద తాబేళ్లు వరసగా ఎండ కాగుతున్నాయి. కొంగ వాలితే ఒకదాని వెనక ఒకటి బుడుంగుమని నీళ్లలోకి జారాయి.

"మారెప్పా, మన తాబేలును యాడ ఇడిసినావు? ఈ పక్కనా, ఆ బండల కాడనా?"

మూట కట్టుకుంటున్న మారెప్ప చేతులు ఆగాయి. యాభై దాటిన మనిషి. ఆ ఇంటి బండి తోలి, ఆ ఇంటి పత్తి మోసి నడుము వంగినవాడు.

"అమ్మా, గురువుల సన్నిధిలో అబద్దం ఆడితే కండ్లు పోతాయి. నేనిడసలేదు."

"అంటే?"

"రెండు దినాలు బావిలో దిగి బురదంతా కాళ్లతో కెలికినా. సిక్కలే. సిక్కలేదంటే సావుకారమ్మ ఊరుకుంటాదా? తడిగోతం మూటగట్టుకోని వచ్చి, ఈ నీళ్లలో ఇదిలించి, ఇడిసినానని సెప్పినా. అది ఆ బావిలోనే ఉండాది తల్లీ. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఈ మాట నువ్వు ఇంట్లో సెప్తే నా కూడు పోతాది. సెప్పకపోతే నీకు యాపమండలు తప్పవు. నీ ఇష్టం."

సులోచనకు ముందు నవ్వు వచ్చింది. చాలా కాలానికి వచ్చిన నవ్వు. అది దయ్యం కాదు, తాబేలే! బురదలో దాక్కుని బతికిన మొండి ప్రాణం! ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తాబేలు నిజమైతే ఆ మెట్టూ నిజమే, ఆ గుంటలూ నిజమే. గట్టు మీద నుంచి వేసే మెతుకులు తినే తాబేలుకు, మెట్టు దగ్గరికి రావడం ఎవరు అలవాటు చేశారు?

"చెప్పనులే మారెప్పా" అంది. ఏట్లో తాబేళ్లు మళ్లీ ఒక్కొక్కటే బండలెక్కుతున్నాయి.

మర్నాడు పొద్దున నీళ్లు తోడటానికి పోయినప్పుడు గట్టు మీద నుంచి రొట్టెముక్క వేసి చూసింది. ముక్క నీళ్లలో తేలి, నాని, మునిగిపోయింది. ఆ తర్వాతి పూటా అంతే. బొక్కెన పడి దబదబలాడే ఆ పక్కకు తాబేలు కన్నెత్తి కూడా చూడదు. రెండో మధ్యాహ్నం గడియ పడింది. ఆ పూట నేరమేమిటో అత్త చెప్పను కూడా లేదు. సులోచన మెట్లు దిగి ఆ వెడల్పు మెట్టు మీద కూర్చుంది. చెయ్యి నీళ్లకు తాకీతాకకుండానే ముక్కు తేలింది.

వంగే పని లేదు. పడే పని లేదు. కాలుజారితే కింద మెట్టు ఉంది, దాని కింద ఇంకోటి ఉంది, చీర తడుస్తుంది, అంతే. ఇది తెలిశాక సులోచన ఏడ్చింది. రాజేశ్వరి కోసం ఏడ్చానని అనుకుంది. ఏడుపు ఆగాక చూసుకుంటే తన పాదాలు మళ్లీ ఒక మెట్టు కింద నీళ్లలో ఉన్నాయి. ఎప్పుడు పెట్టిందో గుర్తు లేదు. దయ్యానికి కాదు, తన పాదాలకు భయపడింది. నేనింక ఈ ఇంట్లో ఎక్కువ కాలం బతకను అన్న మాట ఎవరో బయటినుంచి చెప్పినంత స్పష్టంగా తెలిసింది. పైన ప్రహరీ పక్కన మారెప్ప రాళ్లు దింపుతున్న చప్పుడు వినబడుతోంది.

అవిధవా నవమి ముందునాటి సాయంత్రం బెళగల్లు నుంచి బండిలో ఆదెమ్మ వచ్చింది. రాజేశ్వరి తల్లి. ముత్తైదువగా పోయిన కూతురికి ఆ రోజు అన్నం పెడతారు గనుక ఏటా వస్తుంది. పొట్టిమనిషి, నుదుట కాసంత బొట్టు. వచ్చీరాగానే సులోచనను పక్కన కూర్చోబెట్టుకుని తలలో పూలు తురిమింది. సవతి బిళ్ళ కట్టుకున్న పిల్ల, పోయిన పిల్ల తల్లికి కూతురేనని ఆనవాయితీ. బిళ్ళను వేళ్లతో ఒకసారి తడిమి, "బాగుండావా బిడ్డా? చిక్కిపోతివేమే" అంది. పెరటి వైపు మాత్రం రాలేదు. కాళ్లు కడుక్కోవడానికి కూడా వీధి అరుగు మీదనే నీళ్లు తెప్పించుకుంది.

నవమినాడు వీధిలోని ముత్తైదువలంతా వచ్చారు. తంతు ముగిసేసరికి మిట్టమధ్యాహ్నం. పిండివంటలతో రాజేశ్వరి విస్తరి వడ్డించి పెరట్లో ప్రహరీ మీద పెట్టారు. కాకి ముట్టుకుంటేనే లోపల ఆకులు వెయ్యాలి. కాకి రాలేదు. ఆడవాళ్లంతా పెరటి గడపలో, ఎండకు కొంగులు కప్పుకుని చూస్తూ నిలబడ్డారు. ఆదెమ్మ అందరి వెనక, గడప లోపలే ఉండిపోయింది. ఆకలి ఎక్కువయ్యేకొద్దీ మాటలు లేచాయి.

"ఆశ తీరలేదు పిల్లకు" అని ఒకావిడ అంది.

గోవిందమ్మ నిట్టూర్చింది. "ఏం ఆశ తీరల్లమ్మా? ఏం తక్కువ చేసినాం? అంతా ఆ పాడు తాబేలు. గట్టుమీద వంగొద్దే, వంగొద్దే అని నేను మొత్తుకుంటూనే ఉంటి. పుట్టింటి నుంచి పసుపు కుంకుమ తెచ్చుకుంటారు గాని తాబేలు తెచ్చుకుంటారా ఎవరైనా?"

ఏటా చెప్పే మాటే. ఏటా ఆదెమ్మ తలవంచుకునే విన్నది. ఈసారి కూడా తల వంచుకుని, "నేనే వదినా. బిడ్డ అడిగిందని ఏట్లో పట్టించి నేనే ఇస్తి. నా చేతులారా నేనే..." అని ఆగిపోయింది.

ఆ మాటతో సులోచన లోపల ఏదో తెగింది. ఇంతవరకు ఆ అబద్ధం చచ్చిన మనిషికి అన్యాయం అనుకుంది. అది బతికున్న మనిషిని ఏటా వచ్చి ఇంత మింగుతోందని అప్పుడే కళ్లారా చూసింది. మారెప్ప ముఖం గుర్తొచ్చింది. అతని పేరు ఎత్తనవసరం లేదు అనుకుంది. ప్రహరీ దగ్గరికి పోయి విస్తట్లోంచి అన్నం ముద్ద ఆకులోకి తీసుకుని, ఆదెమ్మ చెయ్యి పట్టుకుంది.

"కాకి తినదమ్మా. అక్క ముద్ద తినేది వేరే ఉండాది. నాతో రా."

"ఏమే, యాడికే? ఆ మెట్లు దిగొద్దు!" అని గోవిందమ్మ అరిచేలోపల వాళ్లిద్దరూ కంప దాటారు. గట్టు చుట్టూ ఆడవాళ్లు మూగారు.

ఆదెమ్మ కళ్లు మూసుకునే దిగింది. సులోచన ఆమెను ఆ వెడల్పు మెట్టు మీద కూర్చోబెట్టి, ముద్ద చేతిలో పెట్టి, చేతిని నీళ్ల మీదికి సాచింది. చాలాసేపు ఏమీ లేదు. పైన గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. తర్వాత ముక్కు తేలింది. తాబేలు వచ్చి, ముందుకాళ్లు మెట్టు మీద ఆనించి, ఆదెమ్మ అరచేతిలోంచి, వేలు తగలకుండా, మెతుకు మెతుకూ తిన్నది. విరిగిన అంచు నీళ్లలోంచి తేటగా కనబడింది.

"నా బిడ్డదే. బండిచక్రం తగిలి ఇరిగిండె, పసుపు పెట్టి మాన్పింది" అంది ఆదెమ్మ. ఆమె ఇంకో చెయ్యి రాతి మీద ఆనుకోబోయి గుంటల్లో పడింది. ఒక్కొక్క గుంటే తడిమింది. సందులోంచి చింతగింజ ఒకటి తీసి చూసింది. తర్వాత కిందికి, నీళ్లలో వరసగా దిగిపోతున్న మెట్ల వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపున్నదో సులోచనకు తెలియలేదు.

"ఈడ కూచుంటే ఒంగే పని లేదే" అంది ఆఖరికి. గొంతు చాలా మామూలుగా ఉంది. "జారలేదు నా బిడ్డ. దిగింది."

సులోచన ఆకులో మిగిలిన మెతుకులు నీళ్లలోకి దులుపుతుంటే ఆదెమ్మ ఆమె వైపు తిరిగింది.

"నువ్వెందుకొస్తావు బిడ్డా ఈడికి? మద్యానం పూట, ఇంట్లో ఇంత చోటుండగా?"

"లోపల గడియ పెడతారమ్మా."

"రాజికి కూడా?"

"నాకు తెలీదు. రాతిలో ఒక్క పూటకు గుంట పడదు గదమ్మా."

ఆదెమ్మ లేచింది. మెట్లెక్కి వస్తుంటే ఆడవాళ్లు అడగకుండానే దారి ఇచ్చారు. ఆమె గోవిందమ్మ వైపు చూడలేదు. తిన్నగా పెరటి తలుపు దగ్గరికి పోయి, గడియ మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. టక్కుమంది. వెనక్కి లాగింది. మళ్లీ తోసింది. తల్లి చేతి కింద ఆ చప్పుడు వీధి ముత్తైదువలందరికీ వినబడింది.

"గడియ ఎంత నున్నగా అరిగిండాది వదినా" అంది.

గోవిందమ్మ నోరు తెరిచింది. ఎప్పుడూ మాట తడుముకోని మనిషి. "నా చేత్తో ఒక్క దెబ్బ..." అని మొదలుపెట్టి, ఎదురుగా నిలబడ్డ ఆడవాళ్ల ముఖాలు చూసి, వాక్యం పూర్తిచెయ్యలేకపోయింది. పక్కగది వాకిట్లో పాండురంగయ్య నిలబడి ఉన్నాడు. ఆ చప్పుడు ఆయనకు కొత్త కాదు. అందుకే కాబోలు తలెత్తలేదు.

"బిడ్డా, నీ గుడ్డలు మూటగట్టుకో. మనూరికి పోదాం" అంది ఆదెమ్మ.

"పితృపక్షం రోజుల్లో ఆడపిల్లను పంపిస్తారా ఎవరైనా? నా కోడల్ని పిలుచుకోని పోయేదానికి నువ్వెవరు?" గోవిందమ్మకు గొంతు తిరిగొచ్చింది.

ఆదెమ్మ సులోచన మెడలోని బిళ్ళను రెండు వేళ్లతో పైకెత్తి అందరికీ కనబడేట్టు పట్టుకుంది. "ఇది మీరే కట్టినారు వదినా, ఇది నా కూతురని. కూతుర్ని పుట్టింటికి పిలుచుకోని పోయేదానికి తల్లికి ఎవరి సెలవు కావల్ల? పక్షమంటావా, అది పోయినోళ్లకు. బతికుండేదానికి ఏ దినమైతే ఏమి?"

ఎవరూ అడ్డు రాలేదు. గోవిందమ్మ పక్కన రోజూ కూర్చుని కబుర్లు చెప్పే ముసలావిడ లోపలికి పోయి సులోచన చీరలు తనే మడిచి తెచ్చింది. ఆకులు వెయ్యని పంక్తిలో వంటలు చల్లారిపోతున్నాయి.

బండి కదిలేటప్పుడు ప్రహరీ పక్క నుంచి మారెప్ప గొంతు వినబడింది. "సామీ, మెట్లలో రాళ్లెయ్యమంటారా?"

కొంచెం ఆగి పాండురంగయ్య మాట వచ్చింది. "వద్దు. ఉండనీ."

ఆ ఇంట్లో ఆయన అమ్మ మాటకు అడ్డు చెప్పగా సులోచన విన్నది అదొక్కసారే. అది కూడా తన కోసం కాదు. అయినా ఆమెకు ఆ మాట చాలు అనిపించింది.

ఊరు దాటాక సజ్జచేల మధ్య దారి. ఒకచోట సులోచన బండి ఆపమంది. చక్రం ముందు చుక్కల తాబేలు ఒకటి నిదానంగా దారి దాటుతోంది. బండివాడికి కనబడనే లేదు. అది పచ్చికలో కలిసిపోయినదాకా ఆగారు.

"ఆ తాబేలును మనతో తెచ్చింటే బాగుండునేమో అమ్మా" అంది సులోచన.

"ఆడనే ఉండనీలే. ఆ ఇంట్లో ఒకరు చూస్తాండల్ల గదా."

అని ఆదెమ్మ అప్పుడు ఏడ్చింది. బండి కమ్మికి తల ఆనించి, బెళగల్లు దారంతా వినబడేట్టు ఏడ్చింది. ఆపడానికి సులోచన ప్రయత్నించలేదు, వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

పొద్దు వాలుతుండగా మోరీ దగ్గర ఎద్దులను నీళ్లకు విప్పారు. ఆదెమ్మ ముఖం కడుక్కుని, వచ్చేటప్పుడు దారిలో మిగిలిన జొన్నరొట్టె, చెనక్కాయల పొడి మూట విప్పింది. పొద్దుటి నుంచి ఇద్దరి నోట్లోనూ మెతుకు పడలేదు. సులోచన అలవాటు ప్రకారం రొట్టెలో మొదటి ముక్క తుంచి, పొడి అద్ది, పక్కన ఆకు మీద విడిగా పెట్టింది.

ఆదెమ్మ ఆ ముక్కను తీసింది. సులోచన గడ్డం పట్టుకుని నోటికి అందించింది.

"ముందు నువ్వు తిను తల్లీ. రాజి తినేసిందిలే, మద్యానం నా చేత్తోనే."

సులోచన నోరు తెరిచి ఆ ముక్క తిన్నది. రొట్టె ఎండిపోయి ఉంది, పొడిలో ఉప్పు కాస్త ఎక్కువయింది. ఆమె మెల్లగా నమిలి మింగి, ఇంకొంచెం పెట్టమని చెయ్యి చాచింది.